క్వాంటమ్ యంత్రాలకు గీటురాయి

పెళ్లికి నగలు కొనబోయిన తెలుగు కుటుంబం దుకాణంలో రెండు ప్రశ్నలు అడుగుతుంది. నగ ఎన్ని తులాలు? బంగారం వన్నె ఎంత? మొదటి ప్రశ్నకు త్రాసు జవాబు చెబుతుంది. రెండవ ప్రశ్నకు గీటురాయి కావాలి. తూకం ఎంత ఘనంగా ఉన్నా వన్నె తక్కువైతే ఆ నగకు విలువ లేదని ఇంటి పెద్దలకు తెలుసు. త్రాసు చూపిన అంకెతోనే తృప్తిపడి ఇంటికి వెళ్లేవారు అరుదు.

క్వాంటమ్ కంప్యూటర్ల విషయంలో మాత్రం లోకం చాలాకాలంగా త్రాసునే చూస్తున్నది. ఒక సంస్థ వంద క్యూబిట్లు దాటిందని, మరొక సంస్థ అయిదువేలు దాటిందని వార్తలు వస్తూ ఉంటాయి. క్యూబిట్ల సంఖ్య తూకం వంటిది. ఆ క్యూబిట్లలో మామూలు కంప్యూటరు అనుకరించలేని గుణం ఎంత ఉన్నదన్నది వన్నె వంటిది. ఈ గుణాన్నే శాస్త్రజ్ఞులు సంప్రదాయేతర వనరు అంటారు. దానిని కొలవడం ఎలా అన్నది గడచిన రెండు దశాబ్దాలలో భౌతికశాస్త్రాన్ని వేధిస్తున్న ప్రశ్నలలో ఒకటి. ఆ ప్రశ్నపై జరిగిన వాదోపవాదాలలో అతి తీవ్రమైనవి సర్రీ నగరవాసుల ఇరుగుపొరుగున తయారైన యంత్రం గురించే జరిగాయి. ఆ కొలతకు ఉపకరించే ఒక సూత్రమో, ఒక తెలుగు శాస్త్రవేత్త రాసిన వ్యాసం నుండి పెరిగినది.

ఫ్రేజరు నదికి ఆవలి ఒడ్డున

సర్రీ సెంట్రల్ స్టేషనులో స్కైట్రైన్ ఎక్కినవారు ఫ్రేజరు నది మీది వంతెన దాటి, న్యూ వెస్ట్‌మినిస్టరు మీదుగా బర్నబీ నగరం చేరుకుంటారు. ప్రపంచంలో మొట్టమొదటిసారిగా క్వాంటమ్ కంప్యూటరును సరుకుగా తయారుచేసి అమ్మిన డి-వేవ్ సంస్థ ఈ బర్నబీలోనే ఎదిగింది. బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో చదువుకున్న జోర్డీ రోజ్, ఆయనకు అక్కడ వ్యాపారశాస్త్రం బోధించిన హేగ్ ఫారిస్, మరికొందరు కలసి 1999లో దీనిని స్థాపించారు. 2011లో 128 క్యూబిట్ల డి-వేవ్ వన్ యంత్రాన్ని లాక్‌హీడ్ మార్టిన్ సంస్థ కొనుగోలు చేసింది. 2013లో 512 క్యూబిట్ల తరువాతి యంత్రాన్ని గూగుల్, నాసా సంస్థలు సంయుక్తంగా నెలకొల్పిన ప్రయోగశాలకు ఎంపిక చేసుకున్నాయి. 2020 నాటికి క్యూబిట్ల సంఖ్య 5000 దాటింది.

సర్రీ సైతం ఈ రంగానికి దూరంగా లేదు. నగరంలోని సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో క్వాంటమ్ ఆల్గరిథమ్స్ ఇన్‌స్టిట్యూట్ నెలకొల్పడానికి 1 కోటి 70 లక్షల డాలర్లు ఇస్తామని బ్రిటిష్ కొలంబియా ప్రభుత్వం 2019లో ప్రకటించింది. ఈ ప్రాంతంలో పెరుగుతున్న తెలుగు పిల్లలకు క్వాంటమ్ కంప్యూటరు అనేది పాఠ్యపుస్తకంలోని బొమ్మ కాదు. ఇంటి నుండి రైలులో వెళ్లదగినంత దూరంలో ఉన్న వాస్తవం.

చల్లని వలయంలో ప్రవాహం

ఈ యంత్రాల గుండెకాయ ఒక చిన్న లోహవలయం. కొన్ని లోహాలను బాగా చల్లబరిస్తే వాటిలో విద్యుత్తుకు నిరోధం పూర్తిగా మాయమవుతుంది. దీనిని అతివాహకత అంటారు. నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞుడు కామర్లింగ్ ఓన్స్ 1911లో పాదరసంలో దీనిని కనుగొన్నాడు. డి-వేవ్ వలయాలు నియోబియం లోహంతో తయారవుతాయి. అతివాహక క్యూబిట్లను కెల్విన్ మానంలో 0.015 డిగ్రీల సమీపానికి చల్లబరుస్తారు. నక్షత్రాల నడుమ ఉన్న శూన్యాకాశంలో వ్యాపించిన 2.7 డిగ్రీలతో పోలిస్తే ఇది సుమారు 180 రెట్లు చల్లన.

ఇంతటి చలిలో వలయంలోని ప్రవాహం సవ్యంగానూ అపసవ్యంగానూ ఏకకాలంలో తిరుగుతున్నట్లు ప్రవర్తించగలదు. కోట్లాది ఎలక్ట్రాన్లు ఒక్కటై ఒకే అణువువలె నడచుకుంటాయి. అయితే ఇంత పెద్ద వస్తువు నిజంగా క్వాంటమ్ నియమాలను పాటిస్తున్నదని రుజువు ఏమిటి? ఈ ప్రశ్నకు 1984, 1985 సంవత్సరాలలో కాలిఫోర్నియాలోని బర్కిలీలో జాన్ క్లార్క్, మిషెల్ డెవొరె, జాన్ మార్టినిస్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు ప్రయోగపూర్వకంగా జవాబు చెప్పారు. ఆ కృషికే వారికి 2025లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

వారి ఉపాయం చెరువుగట్టు ఎరిగినవారికి సులభంగా బోధపడుతుంది. నిండు చెరువు నుండి నీరు రెండు విధాలుగా గట్టు దాటుతుంది. గాలికి అలలు ఎగసి గట్టు మీదుగా పడడం ఒకటి. గట్టు లోపలి నుండి ఊటగా అవతలికి చేరడం రెండవది. గాలి తగ్గితే అలలు తగ్గుతాయి. కాని ఊట ఆగదు. ప్రయోగంలో ఉష్ణోగ్రత గాలి వంటిది. బర్కిలీ శాస్త్రజ్ఞులు అతివాహక పరికరాన్ని క్రమక్రమంగా చల్లబరచారు. మొదట అది అడ్డుగోడను దాటే వేగం తగ్గుతూ వచ్చింది. ఒక హద్దు దాటిన తరువాత ఎంత చల్లబరచినా ఆ వేగం మారలేదు. వేడి లేకున్నా గోడ దాటుతున్నదంటే అది గోడ మీదుగా ఎగరడం లేదు, గోడలో నుండే వెళుతున్నది. టనెలింగ్ అని పేరుపడిన ఈ సొరంగ గమనం సంప్రదాయ భౌతికశాస్త్రానికి అందని విషయం.

2011లో డి-వేవ్ పరిశోధకులు సైతం ఇదే తర్కాన్ని ఆశ్రయించారు. 8 క్యూబిట్ల సముదాయాన్ని వేర్వేరు ఉష్ణోగ్రతలలో పరిశీలించి, అది వేడి వల్ల కాక సొరంగ గమనం వల్లనే స్థితి మార్చుకుంటున్నదని నేచర్ పత్రికలో ప్రకటించారు.

బర్నబీ యంత్రంపై వాదం

ఎనిమిది క్యూబిట్ల మాట సరే, వందకు పైగా ఉన్న అసలు యంత్రం మాటేమిటి? 2014లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో కొందరు శాస్త్రజ్ఞులు డి-వేవ్ వన్ యంత్రంలో పనిచేస్తున్న 108 క్యూబిట్లకు అనేక లెక్కలు ఇచ్చి, వచ్చిన ఫలితాలను వివిధ నమూనాలతో పోల్చారు. ఫలితాలు క్వాంటమ్ నమూనాకు దగ్గరగా ఉన్నాయని, వారు పరీక్షించిన సంప్రదాయ నమూనాలకు దూరంగా ఉన్నాయని తేల్చారు. ఆ ఏడాదే బర్కిలీ ఆచార్యుడు ఉమేశ్ వజీరాని, ఆయన సహచరులు వేరొక సంప్రదాయ నమూనాను ముందుకు తెచ్చారు. ప్రతి క్యూబిట్‌ను ఒక చిన్న దిక్సూచి ముల్లుగా ఊహించుకుంటే చాలునని, అందులో క్వాంటమ్ పెనవేత ఏమీ లేకున్నా అవే ఫలితాలు వస్తాయని వారు చూపించారు.

ఈ వాదం నేర్పిన పాఠం గొప్పది. ఒక యంత్రం ఇచ్చే జవాబులు క్వాంటమ్ సిద్ధాంతానికి సరిపోయినంత మాత్రాన యంత్రం క్వాంటమ్ అయిపోదు. ఆ జవాబులను మామూలు ఉపాయమేదీ ఇవ్వలేదని తేలాలి. పచ్చగా మెరిసేదల్లా పసిడి కాదని సామెత చెప్పనే చెబుతున్నది. మెరుపు చూసి కాక గీత గీసి పరీక్షించాలి.

డి-వేవ్ పరిశోధకులు 2014లోనే అటువంటి గీతను గీశారు. యంత్రంలోని ఒక క్యూబిట్‌ను పరీక్షకునిగా నిలిపి, దాని సాయంతో ఇతర క్యూబిట్ల సముదాయపు శక్తిస్థాయిలను నేరుగా కొలిచారు. ఆ కొలతల ఆధారంగా 2 క్యూబిట్లలోనూ, 8 క్యూబిట్లలోనూ ఎన్‌టాంగిల్‌మెంట్ అనే పెనవేత ఉన్నదని, చుట్టూ ఉన్న వేడితో సమతుల్యంలో ఉన్నప్పటికీ అది చెరిగిపోలేదని నిరూపించారు. అదే సంవత్సరం మరొక శాస్త్రజ్ఞుల బృందం 503 క్యూబిట్ల యంత్రాన్ని పరీక్షించి, తాము ఇచ్చిన లెక్కలలో అది మామూలు కంప్యూటర్ల కంటే వేగంగా పనిచేసిన దాఖలా కనిపించలేదని సైన్స్ పత్రికలో తెలిపింది.

ఈ రెండు ఫలితాలు పరస్పర విరుద్ధాలు కావు. పెనవేత ఉండడం వేరు, ఆ పెనవేత పనికి అక్కరకు రావడం వేరు.

అన్నదమ్ముల ఆట

పెనవేత అంటే ఏమిటో ఒక ఆటతో చెప్పవచ్చు. అన్న సర్రీలో ఉన్నాడు, తమ్ముడు కాకినాడలో ఉన్నాడు. ఇద్దరికీ విడివిడిగా ఎర్రచీటీయో తెల్లచీటీయో ఇస్తారు. ఒకరి చీటీ రెండవవారికి తెలియదు. ఇద్దరూ వెంటనే అవును అనో కాదు అనో చెప్పాలి. ఇద్దరికీ ఎర్రచీటీలే వస్తే జవాబులు వేర్వేరుగా ఉండాలి. తక్కిన అన్ని సందర్భాలలో జవాబులు ఒకటే కావాలి. ముందుగా ఎంత కూడబలుక్కున్నా వారు సగటున 75 శాతం కంటే ఎక్కువ గెలవలేరు. ఇద్దరూ ఎప్పుడూ అవుననే చెప్పాలని నిశ్చయించుకుంటే ఆ 75 శాతం దక్కుతుంది. అయితే వారి వద్ద పరస్పరం పెనవేసుకున్న క్యూబిట్లు ఉంటే గెలుపు సుమారు 85 శాతం వరకు పోగలదు. జాన్ బెల్ 1964లో ప్రతిపాదించిన సిద్ధాంతపు సారం ఇదే.

2023లో స్విట్జర్లాండులోని ఈటీహెచ్ జ్యూరిక్ శాస్త్రజ్ఞులు అతివాహక క్యూబిట్లతో ఈ పరీక్షను లొసుగులు లేకుండా నిర్వహించారు. రెండు క్యూబిట్లను 30 మీటర్ల దూరంలో ఉంచి, వాటి నడుమ గొట్టాన్ని పరమశూన్య ఉష్ణోగ్రత సమీపానికి చల్లబరచారు. వెలుగు 30 మీటర్లు ప్రయాణించడానికి సెకనులో కోటవ వంతు పడుతుంది. అంతలోపే కొలత ముగియాలి. అప్పుడే ఒక క్యూబిట్ రెండవదానికి రహస్యంగా కబురు పంపిందన్న అనుమానానికి తావుండదు. సంప్రదాయ హద్దు 2 కాగా వారి కొలత 2.0747 వచ్చింది. అన్నదమ్ముల ఆటలోకి మార్చి చెబితే ఇది సుమారు 75.9 శాతం గెలుపు. తేడా స్వల్పంగా కనిపించినా, పదిలక్షలకు పైగా పర్యాయాలు చేసిన కొలత కనుక అదృష్టం అనుకునే వీలు లేదు.

క్యూబిట్లు పెరిగినప్పుడు మరొక రకమైన సాక్ష్యం అడుగుతారు. తయారైన స్థితి, కోరిన పెనవేత స్థితికి ఎంత దగ్గరగా ఉన్నదో కొలుస్తారు. ఈ కొలత 0.5 దాటితే క్యూబిట్లన్నీ నిజంగా ఒకే ముడిలో ఉన్నట్లు. చైనా శాస్త్రజ్ఞులు 2023లో 51 అతివాహక క్యూబిట్లను గొలుసుగా పెనవేసి 0.637 సాధించారు.

రావుగారి హద్దు

ఇప్పుడు తెలుగువారికి గర్వకారణమైన ఘట్టం. కల్యంపూడి రాధాకృష్ణారావు గారు 1920లో బళ్లారి ప్రాంతంలోని హడగలిలో తెలుగు కుటుంబంలో జన్మించారు. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నాలలో చదువుకున్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం అభ్యసించి కలకత్తాలో సంఖ్యాశాస్త్రం వైపు మళ్లారు. అక్కడ 1944లో ఆయన పాఠం చెబుతుండగా వి.ఎం. దండేకర్ అనే విద్యార్థి ఒక ప్రశ్న వేశాడు. పెద్ద నమూనాలకు చెప్పే ఫలితం చిన్న నమూనాలకు కూడా వర్తిస్తుందా అన్నది ఆ ప్రశ్న. ఆ రాత్రే రావుగారు జవాబు సాధించారు. అది 1945లో కలకత్తా గణిత సంఘం పత్రికలో వెలువడిన వ్యాసంలో చేరింది. స్వీడను గణితవేత్త క్రామెర్ కూడా స్వతంత్రంగా ఇదే ఫలితాన్ని కనుగొన్నందున దానికి క్రామెర్-రావు హద్దు అని పేరు వచ్చింది.

ఏ కొలతలోనైనా కొంత పొరపాటు తప్పదు. ఆ పొరపాటును ఎంతవరకు తగ్గించవచ్చునో ఈ సూత్రం చెబుతుంది. సమాచారం ఎంత ఎక్కువగా ఉంటే పొరపాటు అంత తక్కువ. ఈ సమాచారాన్ని కొలిచే రాశికి ఫిషర్ సమాచారం అని పేరు. తరువాతి కాలంలో భౌతికశాస్త్రజ్ఞులు దీనికి క్వాంటమ్ రూపం కల్పించారు. అప్పుడు ఒక అపురూపమైన సంగతి బయటపడింది. పరస్పరం సంబంధం లేని 10 క్యూబిట్లతో ఒక సూక్ష్మమైన మార్పును కొలిస్తే క్వాంటమ్ ఫిషర్ సమాచారం 10కి మించదు. పెనవేసిన 10 క్యూబిట్లయితే అది 100 వరకు పోగలదు. కనుక ఆ సంఖ్య 10 దాటిన క్షణంలోనే పెనవేత ఉన్నదని రుజువైనట్లు. పైగా ఆ పెనవేత కొలతలకు పనికివచ్చేదని కూడా రుజువైనట్లు. 2022లో చైనా శాస్త్రజ్ఞులు 19 అతివాహక క్యూబిట్ల వరకు గల సముదాయాలను ఈ ఫిషర్ సమాచారంతోనే పరీక్షించారు.

1945లో రావుగారి మనసులో క్వాంటమ్ కంప్యూటరు లేదు. ఆయన గణాంకాల పొరపాట్లకు హద్దు వెదికారు. ఆ హద్దు ఎనిమిది దశాబ్దాలకు పరమశూన్య సమీపంలోని లోహవలయాలకు కొలబద్దగా నిలిచింది. రావుగారు 2023 ఆగస్టులో అమెరికాలో, 102 సంవత్సరాల వయసులో పరమపదించారు. సంఖ్యాశాస్త్రంలో అత్యున్నతమైన అంతర్జాతీయ బహుమతి ఆయనను వరించినది ఆ సంవత్సరమే.

మాయ అనే ఉప్పు

పెనవేత ఒక్కటే ఉంటే సరిపోతుందా? చాలదని డానియల్ గాట్స్‌మన్, ఇమాన్యుయెల్ నిల్ నిరూపించిన సిద్ధాంతం 1998 నుండి ప్రచారంలో ఉన్నది. క్వాంటమ్ గణనలో వాడే ప్రక్రియలలో క్లిఫర్డ్ ప్రక్రియలు అనే ఒక వర్గం ఉన్నది. వాటితో ఎన్ని క్యూబిట్లనైనా గట్టిగా పెనవేయవచ్చు. అయినా ఆ లెక్కను ఇంట్లోని మామూలు కంప్యూటరు సులభంగా అనుకరించగలదు. పప్పు, కూర, పులుసు అన్నీ వండి ఉప్పు మరచిన విందు వంటిది ఆ యంత్రం. ఆ ఉప్పుకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు మాజిక్, అనగా మాయ. సెర్గెయ్ బ్రావి, అలెక్సీ కిటాయెవ్ 2005లో మాయాస్థితుల భావనను ప్రవేశపెట్టారు. క్లిఫర్డ్ ప్రక్రియలు చౌక. మాయాస్థితులు ప్రియం. చౌకగా దొరకనిదే వనరు.

మాయను కొలవడంలో పెద్ద చిక్కు ఉన్నది. క్యూబిట్ల స్థితిని సమూలంగా తెలుసుకోవాలంటే 10 క్యూబిట్లకు 10,48,575 సంఖ్యలు కావాలి. 20 క్యూబిట్లకు అవి లక్ష కోట్లు దాటుతాయి. 2022లో లోరెంజో లియోనే, సాల్వటోర్ ఒలివియెరో, అలియోషా హమ్మా దీనికొక దగ్గర దారి చూపారు. అన్నీ తెలుసుకోకుండానే, క్యూబిట్లపై క్లిఫర్డ్ ప్రక్రియలను యాదృచ్ఛికంగా ప్రయోగించి, వచ్చిన జవాబుల చెదరుబాటును బట్టి మాయను లెక్కగట్టవచ్చునన్నారు. సేత్ లాయిడ్ తోడుగా ఐబీఎం వారి అతివాహక యంత్రంపై దానిని కొలిచి కూడా చూపారు. యంత్రంలోని రొద వల్ల కలిగే చెదరుబాటును అసలు మాయతో పొరబడకుండా విడదీయడం ఈ పనిలో అత్యంత క్లిష్టమైన భాగం. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూడవచ్చు. కాని ఆ మెతుకు ఆ కుండలోనిదేనని ముందు తెలియాలి.

అమరావతి ముంగిట

ఈ చర్చ స్వదేశంలోని తెలుగువారి ముంగిటికి కూడా వచ్చింది. అమరావతిలో క్వాంటమ్ వ్యాలీ నిర్మించి, 156 క్యూబిట్ల హెరాన్ ప్రాసెసరు గల ఐబీఎం యంత్రాన్ని నెలకొల్పుతామని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, ఐబీఎం, టీసీఎస్ 2025లో ప్రకటించాయి. ఆ ప్రకటన విన్న ప్రతి ప్రవాస కుటుంబంలోనూ 156 అనే సంఖ్యే ముందుగా వినబడి ఉంటుంది. ప్రజాధనంతో ముడిపడిన ఇటువంటి కార్యాలలో ఆ సంఖ్యకు తోడుగా మరి మూడు సంగతులు తెలియవలసి ఉన్నది. ఒకేసారి ఎన్ని క్యూబిట్లను నిజంగా పెనవేయగలుగుతున్నారు? ఆ పెనవేతలో మామూలు కంప్యూటరు అనుకరించలేని మాయ ఎంత? ఆ రెండింటినీ కొలిచినది యంత్రం అమ్మినవారా, మరెవరైనా స్వతంత్రులా?

మూడవ ప్రశ్న ఎంత ముఖ్యమో బర్నబీ చరిత్ర చెబుతుంది. 2025 మార్చిలో డి-వేవ్ పరిశోధకులు, వారి సహచరులు సైన్స్ పత్రికలో మరొక ఫలితం ప్రకటించారు. అయస్కాంత పదార్థాలకు సంబంధించిన ఒక గణనను తమ యంత్రం నిమిషాలలో ముగించిందని, ఒక మహాకంప్యూటరుకు అదే పని దాదాపు పదిలక్షల సంవత్సరాలు పడుతుందని వారన్నారు. న్యూయార్కులోనూ స్విట్జర్లాండులోనూ ఉన్న రెండు బృందాలు ఆ లెక్కలలో కొన్నింటిని మామూలు కంప్యూటర్లతోనే చేయవచ్చునని చూపాయి. తమ పనిలోని కఠినమైన భాగాన్ని ఆ పద్ధతులు అందుకోలేదని డి-వేవ్ బదులిచ్చింది.

ఇటువంటి తగవులు చూసి ఈ విద్యంతా బూటకమనుకోవడం పొరపాటు. దిక్సూచి ముల్లుల నమూనాతో వజీరాని బృందం నిలదీయకపోతే, ఎటువంటి సాక్ష్యం చాలదో, ఎటువంటిది చాలునో అంత స్పష్టంగా తేలేది కాదు. కలకత్తా తరగతిలో ఆనాడు దండేకర్ లేచి నిలబడకపోతే రావుగారి హద్దు ఆ రాత్రి పుట్టేది కాదు. సర్రీ ప్రాంగణంలో రేపు క్వాంటమ్ పాఠం వినబోయే తెలుగు విద్యార్థి ఎన్ని క్యూబిట్లు అని అడిగి ఊరుకోకుండా, వన్నె ఎలా తేల్చారని కూడా అడిగితే, గురువుగారు దానికి ఆ రాత్రి కూర్చుని జవాబు వెదకవలసి రావచ్చు.